మా వదినా, బోర్డు మీద మెస్సూ

మా వదినకి కోపం రావడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. గరిట తగిలించే మేకుకి చెంచా తగిలిస్తే చాలు. ఆవిడ వంటింటి గోడకి వరసగా మేకులుంటాయి. పెద్ద గరిటతో మొదలై చిన్న చెంచా దగ్గర ఆగుతాయి. గిన్నెలు తుడిచే గుడ్డ వేరు, బల్లలు తుడిచే గుడ్డ వేరు, చేతులు తుడుచుకునే గుడ్డ వేరు. ఒకదాని బదులు ఇంకోటి అందుకున్నారో, మీ పని అయిపోయినట్టే. నా పని రోజూ అవుతూనే ఉంటుంది. నేను ఆవిడ ఆడపడుచుని. మామూలుగా అయితే ఆడపడుచు వదినని సాధించాలి. మా ఇంట్లో అన్నిటితో పాటు దాన్ని కూడా ఆవిడ తిరగేసి సర్దేసింది.

ఆవిడ నాన్నగారు ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. చీకట్లో చెయ్యి పెట్టినా అడిగిన బోల్టు చేతికొచ్చేదట ఆయన స్టోర్లో. ఆ పెంపకంతో మా ఇంటికొచ్చింది. పెళ్ళై వచ్చిన మర్నాడే వంటిల్లంతా బయటపెట్టి కడిగి మళ్ళీ సర్దింది. మా అమ్మ బుగ్గన చెయ్యేసుకుని గుమ్మంలో నిలబడిపోయింది. కొన్నాళ్ళు పాపం తన వంటింట్లో తనకే ఏదీ కనబడేది కాదు. ఆ తర్వాత బతికున్నంతకాలం దేనికోసమూ వెతుక్కోలేదు.

మా అన్నయ్య బోర్డులు రాస్తాడు. షాపుల పేర్లు, డాక్టర్ల పేర్లు, 'ఇచ్చట వాహనములు నిలపరాదు' లాంటివి. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి గానీ నోట్లో నాలుక లేదు. రోజంతా మాటలు రాసీ రాసీ ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు అయిపోతాయని వదిన అంటుంది. తనతో పనిచేసేవాళ్ళని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి తీసుకొచ్చేవాడు. వాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు, వాళ్ళు పక్క వీధికి చెప్పారు. చివరికి వదిన ముందుగదిలో సామాను తీసేసి బల్లలు వేయించింది. బోర్డు కావాలన్నారు అందరూ. అన్నయ్య దగ్గర మిగిలింది ఒక పొట్టి చెక్క. దాని మీద పట్టే మాట ఒక్కటే. పైన తెలుగులో, కింద ఇంగ్లీషులో 'మెస్' అని రాసి గుమ్మం మీద కొట్టేశాడు.

అప్పట్నించీ మా వదిన వీధందరికీ మెస్ వదిన. ముసలాళ్ళకీ వదినే, ముక్కుపచ్చలారని వాళ్ళకీ వదినే.

ఇక నా సంగతి. నలభై దాటాను, పెళ్ళి కాలేదు. వచ్చిన సంబంధాలన్నీ నా నోరు విని వెనక్కెళ్ళిపోయాయి. పోతే పోయాయి, నాకేం దిగులు లేదు. మెస్‌లో వడ్డన నాదే. ఎవరికి ఏం కావాలో అడక్కుండా చెప్పగలను. అందులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే ఆయన సంగతి మరీ బాగా తెలుసు.

ఆయన ఇంగ్లీషు మాస్టారు. మా మేడ మీద హాల్లో ట్యుటోరియల్ నడుస్తుంది. ఉద్యోగాల కోసం ఇంగ్లీషు మాట్లాడ్డం నేర్చుకునే పెద్దవాళ్ళు సాయంత్రాలు వస్తారు. మాస్టారు ఒంటరి మనిషి, నెమ్మదస్తుడు. ఆయనకి ఒక్కటే పిచ్చి. ప్రతి మాటా ఎక్కడ పుట్టింది, ఎక్కడ పెరిగింది, ఏ దార్లో వచ్చింది అని చెబుతాడు. కానీ ఆ చెప్పడం ఎప్పుడూ తోక దగ్గర మొదలుపెడతాడు. ఇవాళ ఆ మాటకి ఏం అర్థమో చెప్పి, నిన్న ఏమిటో చెప్పి, అలా వెనక్కి వెనక్కి పోతాడు. అసలు రుచంతా చివర్లో ఉంటుంది. అక్కడిదాకా ఎవరూ ఆగరు. కూరలో చెయ్యి పెట్టినవాడు కూరే చూస్తాడు గానీ దాని ముత్తాత పేరు వింటాడా? నేను వినేదాన్ని. కూర గిన్నె పట్టుకుని పక్కనే నిలబడి మొత్తం వినేదాన్ని. అలా వింటున్నప్పుడు ఆయన కంచంలో కూర గరిట ఇంకాస్త వంగేది.

"చిట్టీ, గరిట జారుతోందా?" అనేది వదిన వంటింట్లోంచి. ఆవిడకి వీపు మీద కూడా కళ్ళుంటాయి.

అసలు గొడవ ఒక మధ్యాహ్నం వచ్చింది. అన్ని బల్లలూ నిండిపోయాయి. వెనక వీధిలో కొత్తగా పెట్టిన ఆఫీసు నుంచి ఒకతను, మెడలో కార్డు వేలాడేసుకుని, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని మాట్లాడుతున్నాడు. అంతా ఇంగ్లీషే. మధ్యలో 'మెస్' అన్నాడు. కాసేపాగి మళ్ళీ 'మెస్' అన్నాడు. మా వదిన మొహం చేటంత అయింది. మన గురించి ఎవరికో చెబుతున్నాడనుకుంది పాపం.

మాస్టారి బల్ల దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. "ఏమంటున్నాడండీ, మన మెస్ గురించి?"

"మీ గురించి కాదు వదినగారూ. వాళ్ళ ఆఫీసులో పనంతా గందరగోళంగా ఉందంటున్నాడు."

"మరి మెస్ మెస్ అంటున్నాడుగా?"

"అదేనండీ. మెస్ అంటే గందరగోళం. ఎక్కడివక్కడ పడేసి ఉన్న చోటుని ఇంగ్లీషులో మెస్ అంటారు."

వదిన ఉలిక్కిపడి గుమ్మం వైపు చూసింది. "మా బోర్డు మీద ఇంగ్లీషులో ఉన్నది?"

"ఆ మాటే. అయితే అంతకుముందు దానికి..."

"చాలు" అంది వదిన.

"అది కాదండీ, అసలు మొదట్లో..."

"చాలన్నానా. ఇన్నేళ్ళుగా నా గుమ్మం మీద గందరగోళం అని రాసుంటే, కింద కూర్చుని తింటూ మీరు రోజూ చదువుకుంటున్నారన్నమాట. లోపల్లోపల నవ్వుకుంటున్నారన్నమాట."

"అయ్యో, లేదండీ" అన్నారు మాస్టారు. మెడలో కార్డున్న ఆ మనిషైనా నవ్వకుండా ఉండాల్సింది. ఫోన్ పెట్టేసి, సంగతేమిటో కనుక్కుని, పకపకా నవ్వాడు. అంతే. వదినకి తల కొట్టేసినట్టయింది. తిట్టడానికి ఆ మనిషి కొత్తవాడు. దొరికింది మాస్టారు.

"రేపట్నించీ మీకు ఇక్కడ భోజనం లేదండీ" అంది. "గందరగోళంలో ఎందుకు తినడం, శుభ్రమైన చోటు చూసుకోండి."

నాకు ఎంత మండిందో చెప్పలేను. వదిన మీద సగం, ఆయన మీద సగం. ఆ మొదటి అర్థమేదో ముందు చెప్పి చావొచ్చుగా ఈ మనిషి? చేతులు కడుక్కుని, తలొంచుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారు. కంచంలో సగం అలాగే ఉంది.

ఆ సాయంత్రమే బోర్డు దింపించింది వదిన. "మంచి తెలుగు మాట రాయండి" అని అన్నయ్యతో చెప్పింది. 'భోజనశాల' అని ఖాయం చేసింది. చెక్క చిన్నది, ఇంకోటి తెస్తానన్నట్టు అన్నయ్య చేతులతో కొలత చూపించాడు. "ఉన్నదాంట్లో సర్దడమే తెలివి" అంది ఆవిడ. అన్నయ్యకేమో అక్షరం చిన్నది చెయ్యడం అంటే ప్రాణం పోయినట్టు ఉంటుంది. ఎప్పట్లాగే బొద్దుగా మొదలుపెట్టాడు. 'భోజనశా' అనేసరికి చెక్క అయిపోయింది. మిగిలిన 'ల'ని కింద మూలకి, చీమంత చేసి, తోసేశాడు.

ఇక చూడండి మా వైభోగం. మర్నాడు ఎవరో పెద్దమనిషి గుమ్మంలో నిలబడి "భోజన్ షా గారున్నారా?" అని అడిగాడు. ఏ షా అని నేను. బోర్డు చూపించాడు. పాత మెస్ వాళ్ళు ఖాళీ చేశారనీ, షా గారు దిగారనీ వీధంతా పాకిపోయింది. గ్యాస్ బండ తెచ్చినతను ఇల్లు మారారనుకుని బండ తిరిగి తీసుకెళ్ళిపోయాడు. పాలాయన పాలు పొయ్యకుండా మా వాళ్ళెక్కడికెళ్ళారని పక్కింట్లో వాకబు చేశాడు. రోజూ తినేవాళ్ళు సగం మంది గుమ్మం దాకా వచ్చి బోర్డు చూసి వెనక్కి తిరిగారు. వచ్చిన ఒకరిద్దరు "షా గారి వంట మన వదిన వంటలా లేదు" అని వదిన మొహం మీదే అన్నారు. వండింది ఆవిడే.

ఇంటినిండా గందరగోళం. గోడ మీద గరిటలు మాత్రం వరసగానే ఉన్నాయి. నాకు నవ్వు ఆగడంలేదు, వదినకి ఏడుపు ఆగడంలేదు. కానీ బోర్డు మార్చనంటే మార్చనంది. "ఇంకో చెక్క అన్నా తెమ్మనవచ్చుగా" అన్నాను. మూతి ముడుచుకుంది.

నా నవ్వు కూడా ఎంతోసేపు నిలవలేదు. ఎదురుగా టీ కొట్టులో మాస్టారు బిస్కెట్లు ముంచుకుని తింటూ కనబడేవారు. పొద్దున బిస్కెట్లు, మధ్యాహ్నం బిస్కెట్లు. మనిషి వాడిపోయాడు. మా గుమ్మం వైపు చూడకూడదని గోడ వైపు తిరిగి కూర్చునేవారు. ఒకరోజు టీ కొట్టతను చిల్లర మారుస్తూ నాతో అన్నాడు. "మీ మాస్టారు వెళ్ళిపోతున్నారటగా. ట్యుటోరియల్ వాళ్ళు వేరే ఊళ్ళో బ్రాంచి పెట్టారు. ఎప్పట్నించో వెళ్ళమంటుంటే, ఇక్కడ భోజనం అలవాటైంది, కదల్లేనని ఆపుతూ వచ్చారట. ఇప్పుడా సాకు కూడా పోయిందంటున్నారు. ఈ వారంలోనే ప్రయాణం."

దాచడం ఎందుకు, కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంటే నాకు ఆ గదిలో అడుగు పెట్టబుద్ధి కావడంలేదు. ఇంతకాలం వడ్డన నా పని అనుకున్నాను. ఆయనకి వడ్డించడం కోసమే మిగతా అందరికీ వడ్డిస్తున్నానని అప్పుడు తెలిసింది. అది తెలియగానే ఇంకా మండింది. తెలిసేది కాస్త ముందు తెలియకూడదూ?

సాయంత్రం బల్లలు తుడవడం అవగానే మేడ మెట్లెక్కాను. క్లాసు జరుగుతోంది. వెనక బెంచీలో కూర్చున్నాను. నన్ను చూడగానే మాస్టారి చేతిలో సుద్దముక్క విరిగింది.

"ఏమైనా సందేహమా అండీ?"

"ఉంది" అన్నాను లేచి నిలబడి. "మెస్ అంటే ఏమిటో చెప్పండి. మొత్తం. ఆపకుండా."

క్లాసంతా గొల్లుమంది. ఒక్కసారి అటూ ఇటూ చూశాను, ఆగిపోయారు. నా నోటికి ఆ మాత్రం పేరుంది.

మాస్టారు చెప్పారు. అలవాటు ప్రకారం తోక నుంచే చెప్పారు. గందరగోళానికి ముందు మెస్ అంటే కలగలిపేసిన పదార్థం. దానికి ముందు పశువులకి పోసే కుడితిలాంటిది. దానికి ముందు మెత్తగా కలిపిన తిండి. దానికి ముందు కూర్చుని కలిసి తినే మనుషులు. పూర్వం ఇంగ్లీషువాళ్ళ పెద్ద విందుల్లో నలుగురేసి చొప్పున కూర్చోబెట్టి, నలుగురికీ ఒక పళ్ళెం పెట్టేవారట. ఆ నలుగుర్నీ కలిపి మెస్ అనేవారట. సైనికులు కలిసి తినే చోటుకి ఆ పేరు అలా వచ్చింది, మా బోర్డు మీదకి అక్కణ్ణించి వచ్చింది. అన్నిటికన్నా ముందు, ఫ్రెంచి వాళ్ళ దగ్గర, అంతకుముందు లాటిన్‌లో, దానికి అర్థం 'పెట్టినది' అని. బల్ల మీద ఒకరి ముందు పెట్టినది.

"అంటే మనం అన్నం పెట్టడం అంటామే, ఆ పెట్టడమా?" అన్నాను.

ఆయన నా వైపు అలా చూస్తూ ఉండిపోయారు. "అదేనండీ" అన్నారు. "ఇంతకాలం నాకు ఎలా చెప్పాలో తెలియలేదు. అదే."

"మరి ఆ రోజు అది ముందు చెప్పొచ్చుగా?"

"వరస తప్పకూడదని..."

"మీ వరసలూ మా వదిన వరసలూ తగలెయ్య" అన్నాను. "రేపు మధ్యాహ్నం కిందకి రండి. మొదట్నించి మొదలుపెట్టండి. పెట్టినది. కలిసి తినేవాళ్ళు. అక్కడితో ఆపెయ్యండి. కుడితి జోలికి వెళ్ళొద్దు."

క్లాసు వాళ్ళందరి చేతా కూడా ఒకసారి అనిపించాను, ఆయనకి బాగా పట్టుబడుతుందని.

మర్నాడు భోజనాలు దాదాపు అయిపోయాక వచ్చారు. ఇద్దరు ముగ్గురే మిగిలారు గదిలో. అన్నయ్య మూలన కూర్చుని కుంచెలు కడుక్కుంటున్నాడు. వదిన గుమ్మానికి అడ్డంగా వచ్చింది.

"మీకు ఇక్కడ భోజనం లేదన్నాను."

"భోజనానికి రాలేదండీ. ఆ రోజు సగంలో ఆగిన వాక్యం పూర్తిచేసి వెళ్ళిపోతాను."

వదిన చేతులు కట్టుకుంది. ఆయన గొంతు సవరించుకున్నారు. "మెస్ అంటే గందరగోళ..."

నేను పళ్ళేలు కింద పడేశాను. అన్నీ ఒకేసారి. అంత చప్పుడు మా ఇంట్లో ఎప్పుడూ విని ఉండరు.

"...గందరగోళం కాదండీ" అన్నారు మాస్టారు చెమటలు పోస్తుంటే. "అది మొన్నమొన్న తగులుకున్న అర్థం. అసలు అర్థం పెట్టినది అని. ఒకరి ముందు పెట్టిన తిండి. మీరు రోజూ చేసేదే. తర్వాత కలిసి తినేవాళ్ళని ఆ మాటతో పిలిచారు. నలుగురు కూర్చుంటే ఒక మెస్. మీ బోర్డులో తప్పేం లేదు వదినగారూ. తప్పు నేను చెప్పిన పద్ధతిలో ఉంది."

వదిన కట్టుకున్న చేతులు విప్పింది. "మరి పెట్టినది కాస్తా గందరగోళం ఎలా అయింది?" అంది.

మాస్టారు నా వైపు చూశారు. కుడితి వద్దన్నాను కదా. నోరు తెరవడానికి భయం. అప్పుడు మూలనుంచి అన్నయ్య అన్నాడు, "కలగాపులగం అనమూ మనం? అందులో ఉన్న పులగం తినేదేగా."

అందరం అటు తిరిగాం. ఆయన మళ్ళీ కుంచెలు కడుక్కోవడంలో పడ్డాడు. ఆ నెలకి ఆయన మాటలు అయిపోయాయి.

"అదీ నిజమే" అంది వదిన. ఎంతో నొచ్చుకుంటూ అంది, కానీ అంది. "ఆ షా గారిని దింపేసి పాత మాటే రాయండి." టీ కొట్టు కబురు ఆవిడకీ చేరినట్టుంది, మాస్టారి వైపు తిరిగింది. "బ్రాంచికి ఎప్పుడు ప్రయాణం?"

"ఎల్లుండి అన్నారండీ."

"వెళ్ళాలని ఉందా?"

"లేదండీ."

"ఎందుకని?"

"ఇక్కడ భోజనం అలవాటై..."

"భోజనం అన్ని ఊళ్ళలోనూ దొరుకుతుంది" అంది వదిన. గరిటతో గోడకి కొట్టినట్టే ఉంది ఆ మాట.

మాస్టారు గోడ వైపు చూశారు, కిటికీ వైపు చూశారు. నేను కింద పళ్ళేలు ఏరుతున్నాను. తల ఎత్తలేదు. ఈ మనిషి ఇప్పుడు కూడా తోక దగ్గరే మొదలుపెడితే నా బతుకు ఇంతే అనుకున్నాను. బ్రాంచి గురించి చెబుతాడు, జీతం గురించి చెబుతాడు, అసలు మాట దగ్గరికి వచ్చేలోపు బస్సు వెళ్ళిపోతుంది.

"వడ్డించేవాళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఒక్కలా ఉండరండీ" అన్నారు. "నాకు చిట్టిగారు లేని ఊరికి వెళ్ళాలని లేదు."

మొదటిదే ముందు చెప్పారు. చేతిలో పళ్ళెం ఉండగానే నా కళ్ళు మసకబారాయి. నా నోరు చూసి ఎన్ని సంబంధాలు వెనక్కెళ్ళాయో చెప్పానుగా, ఆ నోట ఒక్క మాట రాలేదు.

వదిన వచ్చి నా చేతిలో పళ్ళేలు లాక్కుంది. కిటికీ పక్క బల్ల మీద నాలుగు కంచాలు పెట్టింది. "ఏవండీ, ఆ కుంచెలు వదిలి రండి" అంది అన్నయ్యతో. "నువ్వు కూర్చో" అంది నాతో.

"వడ్డన?"

"అందరికీ పెట్టావు. ఎప్పుడన్నా కూర్చున్నావా? ఆయన తింటాడు, నువ్వు చూస్తావు, ఎన్నేళ్ళు చూస్తావు? నలుగురైతే మెస్ అన్నాడు కదా. మీరిద్దరు, మేమిద్దరం. లెక్క సరిపోయింది."

ఇప్పుడడిగితే అదంతా తన ఎత్తేనంటుంది. కూర్చుని తింటున్నంతకాలం ఆ మాస్టారు నోరు విప్పేరకం కాదనీ, లేపితేగానీ కదలడనీ, అందుకే గెంటాననీ వీధంతా చెప్పుకుంటుంది. నేను నమ్మను. ఆవిడకి కోపమే వచ్చింది. నాకు తెలుసు.

కూర్చున్నాను. ఆ గదిలో అంతకాలం నిలబడే ఉన్నదాన్ని, కూర్చునేసరికి గదంతా కొత్తగా కనబడింది. మాస్టారు గిన్నె అందుకుని నా కంచంలో కూర వడ్డించబోయారు. చేతికి అలవాటు లేదు, సగానికి సగం బల్ల మీద ఒలికింది. నేనూ అన్నయ్యా ఊపిరి బిగబట్టి వదిన వైపు చూశాం.

వదిన ఒలికినదాన్ని చూసింది. ఆయన్ని చూసింది. నన్ను చూసింది.

"పర్లేదు, తినండి" అంది.